చాక్లెట్ సిస్ట్ తీయించుకున్నా మళ్లీ అదే పక్కన వచ్చింది. ఆపరేషన్ సరిగ్గా చేయలేదా?

పానగల్_చెరువు
నాకు 28. నల్గొండ దగ్గర ఒక బడిలో పాఠాలు చెప్తాను. 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ దవాఖానలో ఎడమ అండాశయం మీదున్న 6 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్‌కి లాపరోస్కోపీ చేశారు. బొడ్డులో ఒక కోత, కింద రెండు. మూడో రోజు ఇంటికి పంపుతూ "క్లీన్ చేసేశాం, ఇక భయం లేదు" అన్నారు. నిజంగానే ఏడాదిన్నర హాయిగా గడిచింది, డేట్ వచ్చిన రోజు కూడా సాయంత్రం దాకా నిలబడి క్లాసులు చెప్పాను. ఆ తర్వాత మెల్లగా మళ్లీ మొదలైంది. ముందు నడుము, తర్వాత ఎడమ తొడ లోపలికి లాగుతున్నట్టు, ఇప్పుడు డేట్‌కి రెండు రోజుల ముందే గోలి వేసుకోకపోతే లేవలేను. నిన్న క్లాక్ టవర్ దగ్గర స్కానింగ్ చేయిస్తే అదే ఎడమ పక్కన 3.4 సెంటీమీటర్లు, "ఎండోమెట్రియోమా" అని, అంటే అదే చాక్లెట్ సిస్ట్ అని రాసి ఇచ్చారు. కాగితం చేతిలో పట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. అమ్మ అంటుంది వాళ్లు సగమే తీశారని, అత్తమ్మ అంటుంది మందులు ఎక్కువ మింగినందుకే అని. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు లేరు. తీసేసింది మళ్లీ ఎట్లా వస్తుంది? ఎవరైనా అర్థమయ్యేటట్టు చెప్పండి.

దేవరకొండ_వదిన
నాదీ సేమ్. కుడి పక్క. ఆపరేషన్ అయ్యాక నాలుగో ఏడు మళ్లీ వచ్చింది. నువ్వు ఒక్కదానివే కాదమ్మా.

మిర్యాల_మిల్లు
సగం వదిలేశారనడంలో అనుమానం ఏముంది. డబ్బులు తీసుకున్నారు, పంపించారు. మళ్లీ పోతే మళ్లీ తీసుకుంటారు.

గైనిక్_పీజీ
ముందే తప్పు మోపొద్దు. పానగల్ గారూ, డిశ్చార్జ్ సమ్మరీ ఉందా? అందులో ఆపరేషన్ పేరు ఎదురుగా ఏం రాశారో చూడండి. సిస్టెక్టమీ అనా, డ్రైనేజ్ అనా? తర్వాత ఏ మందు ఇచ్చారు, ఎన్ని నెలలు వాడారు? ఈ రెండూ తెలిస్తే చాలావరకు చెప్పొచ్చు. నేను ఇంకా చదువుకుంటున్న డాక్టర్‌నే, మిమ్మల్ని చూడలేదు కాబట్టి నా మాట మీ డాక్టర్ మాటకు బదులు కాదు.

పానగల్_చెరువు
బీరువాలో చీరల కింద నుంచి తీశాను. "లాపరోస్కోపిక్ డ్రైనేజ్ అండ్ కోయాగ్యులేషన్ ఆఫ్ సిస్ట్ వాల్" అని ఉంది. ఇన్నేళ్లలో ఆ లైను ఒక్కసారి కూడా చదవలేదు. డైనోజెస్ట్ అనే హార్మోన్ గోలి 2 మిల్లీగ్రాములు మూడు నెలలకు రాశారు. రెండు నెలలు వాడి ఆపేశాను. డేట్ ఆగిపోయింది, మధ్యలో మరకలు పడుతున్నాయి, చెడు రక్తం లోపలే ఉండిపోతుంది ఆపెయ్ అని ఇంట్లో అందరూ అన్నారు. నొప్పి కూడా లేదు కదా అని నేనూ ఆపేశాను.

గైనిక్_పీజీ
ఇప్పుడు చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయం మీద, పేగుల మీద, కడుపు లోపలి పొర మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా హార్మోన్లకు అది కూడా ఉబ్బుతుంది, రక్తం కారుతుంది. ఆ రక్తానికి బయటికి పోయే దారి లేదు. అండాశయంలో చేరితే పాతబడి ముదురు గోధుమ రంగుకు మారుతుంది, అందుకే చాక్లెట్ సిస్ట్ అంటారు. ఆ పేరు 1920లలో దీని మీద రాసిన శాంప్సన్ అనే అమెరికన్ డాక్టర్ కాలం నుంచి వాడుకలో ఉంది. నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి పొట్టలోకి పోయి అక్కడ అంటుకుంటుందని చెప్పిందీ ఆయనే. అయితే ఆ వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్లలో జరుగుతుంది, జబ్బు మాత్రం అందరికీ రాదు, కాబట్టి అదొక్కటే కారణం కాదు.

సిస్ట్ అంటే నీళ్ల సంచి అనుకోండి. లోపలి ద్రవం పీల్చేస్తే సంచి ముడుచుకుపోతుంది కానీ గోడ అక్కడే ఉంటుంది. ఉత్తగా పీల్చి వదిలేస్తే దాదాపు ఎప్పుడూ తిరిగి నిండుతుంది. పీల్చి గోడను కాల్చడం దానికంటే మేలు. గోడనే అండాశయం నుంచి ఒలిచి తీసెయ్యడం సిస్టెక్టమీ. పోల్చి చూసిన అధ్యయనాల్లో ఒలిచి తీసినవాళ్లకే సిస్ట్ తిరిగి రావడం, నొప్పి తిరిగి రావడం తక్కువ. మీకు కాల్చారు. అది తప్పు అని అనలేను. ఒలిచేటప్పుడు మంచి అండాశయం పొర కూడా కొంత వెంట వస్తుంది, గుడ్లు తగ్గుతాయి. పెళ్లి కాని 25 ఏళ్ల అమ్మాయి అని అండాశయాన్ని కాపాడాలని అట్లా చేసి ఉండొచ్చు. అడిగితే చెప్పాల్సింది వాళ్లే.

ఒలిచి తీసినా సరే, సాధారణంగా చెప్పే లెక్క ఏమంటే రెండేళ్లలో సుమారు 20 శాతం మందికి, ఐదేళ్లలో 40 నుంచి 50 శాతం మందికి ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుంది. చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్లకు, జబ్బు ముదిరాక అయినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ.

తుంగ_పీకే_చెయ్యి
డాక్టరమ్మ చెప్పింది నాకు పొలం భాషలో ఇట్లా అర్థమైంది. మాది హాలియా దగ్గర, ఎడమ కాలువ కింద వరి. తుంగను పైన కోస్తే మడి శుభ్రంగా కనబడుతుంది, గట్టు మీద నిలబడి చూసినోళ్లు భలే తీశావమ్మా అంటారు. కింద మట్టిలో గడ్డలు ఉంటాయి. నీళ్లు కట్టిన పది రోజులకు మళ్లీ సూదుల్లాగా లేస్తుంది. నాకు కూడా 2019లో ఆపరేషన్ అయింది, నెలనెలా వచ్చే డేటే దానికి తడి పెట్టడం లాంటిదని అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే గోలీలు ఆపకపోదును.

గైనిక్_పీజీ
తుంగ పోలిక చాలా దగ్గరగా ఉంది అక్కా, ఒక్కటి కలుపుతాను. మిగిలిపోయిన గడ్డ ఒక్కటే కాదు, కొత్త విత్తనం కూడా పడుతుంది. కంటికి ఆనని చిన్న చుక్కలు ఆపరేషన్‌లో మిగిలిపోవడం ఒకటి. అండం విడుదలైన చోట రక్తం చేరి, అదే కొత్త చాక్లెట్ సిస్ట్‌గా మారడం ఇంకొకటి. ఆ చుక్కలు తమకు కావలసిన ఈస్ట్రోజెన్‌ని తామే తయారుచేసుకోగలవు, వాటిని అణచాల్సిన ప్రొజెస్టెరాన్ మాట సరిగ్గా వినవు. అందుకే కత్తి సరిగ్గా పడిందా లేదా అన్నది సగం సంగతే. తర్వాత అండం విడుదలను, నెలసరిని అణచి ఉంచామా లేదా అన్నది మిగతా సగం. యూరప్ డాక్టర్ల సంఘం ఎశ్రీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చాక్లెట్ సిస్ట్ తీశాక వెంటనే గర్భం అక్కరలేని వాళ్లకు హార్మోన్ మందు దీర్ఘకాలం ఇవ్వమనే ఉంది. మూడు నెలల మందు మూడు నెలలే కాపాడుతుంది.

పానగల్_చెరువు
మరి చెడు రక్తం లోపల ఉండిపోవడం?

గైనిక్_పీజీ
లోపల ఏదీ పేరుకోదు. ఆ మందు వాడితే పొర పలచబడుతుంది, రాలడానికి ఏమీ ఉండదు కాబట్టి డేట్ రాదు. మొదటి కొన్ని నెలలు మరకలు మామూలే, చాలామందికి తగ్గుతాయి.

మిర్యాల_మిల్లు
అంటే జీవితాంతం గోలీలు మింగాలా? హార్మోన్లు మంచివి కావని అందరూ అంటారు.

దేవరకొండ_వదిన
అందరూ అంటారు. అందరికీ నెలకు మూడు రోజులు నేల మీద ముడుచుకుని పడుకోవడం లేదు కదా అన్నా.

నల్లమల_గాలి
మా అక్కకి 5 సెంటీమీటర్ల గడ్డ ఉండె. అచ్చంపేటలో ఒకాయన దగ్గర ఆకు పసరు తాగింది, రెండు నెలలకు స్కాన్‌లో మాయం. కత్తీ లేదు, హార్మోనూ లేదు.

స్కాన్_గది
రోజుకు ఇరవై ముప్ఫై పొట్టలు చూసే పని నాది, అందుకని చెప్తున్నాను. నల్లమల గారూ, మీ అక్క రిపోర్టులో ఏమని రాసి ఉంది? అన్ని గడ్డలూ ఒకటి కాదు. నెలనెలా అండం పెరిగే నీటి సంచి ఒక్కోసారి పెద్దదై నిలుస్తుంది, లేదంటే అందులో రక్తం చేరుతుంది. అవి రెండు మూడు నెలల్లో పసరు తాగినా తాగకపోయినా పోతాయి. చాక్లెట్ సిస్ట్ సాధారణంగా అట్లా పోదు. తెర మీద అది పొగమంచు పట్టిన అద్దంలాగా ఒకే తీరుగా బూడిద రంగులో కనబడుతుంది. రక్తం చేరిన మామూలు సిస్ట్ లోపల సాలెగూడు దారాల్లాగా ఉంటుంది. కొన్నిసార్లు మాకే తేడా తెలియదు, అప్పుడే 6 నుంచి 12 వారాలకు మళ్లీ రమ్మంటాం. పానగల్ గారు కూడా డేట్ అయిపోయాక ఒకసారి లోపలి స్కాన్ చేయించుకోండి, పొట్ట మీద నుంచి చేసినదానికంటే స్పష్టంగా తెలుస్తుంది. నీటి బుడగలు వరసగా కనబడే పీసీఓఎస్ వేరే జబ్బు, రెండూ కలిపేసి భయపడకండి.

నల్లమల_గాలి
సింపుల్ సిస్ట్ అని ఉండె అనుకుంటా. అడిగి చెప్తా.

(తర్వాత) అడిగిన. సింపుల్ సిస్టే. మీరు చెప్పింది నిజం.

గద్వాల_అంచు
నా ముగ్గురు ఆడబిడ్డలూ ఒకటే మాట, పిల్లలు పుడితే అదే పోతుంది అని. పుట్టింది. పాలిచ్చినన్నాళ్లు డేట్ లేదు, నొప్పి లేదు, పోయిందనే అనుకున్నా. బాబుకి ఏడాదిన్నర దాటాక డేట్ మొదలైంది, దాని వెనకే ఇదీ వచ్చింది. ఇంకో వింత చెప్తాను. నాది సిజేరియన్. కోత కుడి చివర గోలీకాయంత గట్టిగా తగిలేది, డేట్ వచ్చే ముందు రోజు చింతగింజ రంగుకి మారి చీర కుచ్చిళ్లు తగిలినా ప్రాణం పోయేది, డేట్ అయిపోగానే మెత్తబడేది. హెర్నియా అన్నారు, కుట్టు దారం అన్నారు. చివరికి గద్వాలలోనే ఒక మేడమ్, "ఇది డేట్‌తో పాటే వాస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడిగింది. కోతలో చేరిన ఎండోమెట్రియోసిస్ అట. చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీసేశారు, ఆ చోట మళ్లీ రాలేదు.

వనపర్తి_కోట
నాకు స్కాన్ క్లియర్. సిస్ట్ లేదు. నొప్పి మాత్రం అట్లాగే ఉంది. స్కాన్ క్లియర్ కదా ఇంకేంటి నీ బాధ అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ రిపోర్టు చింపెయ్యాలనిపిస్తుంది.

గైనిక్_పీజీ
చింపకండి, అది కావాలి. సిస్ట్ తిరిగి రావడం, నొప్పి తిరిగి రావడం ఒకటి కాదు. గర్భసంచి కండలోనే జబ్బు ఉండే అడినోమయోసిస్ చాలామందికి దీనితో కలిసే ఉంటుంది, సిస్ట్ తీసినా అది ఉంటుంది. గర్భసంచి వెనక, పేగు మీద లోతుగా పాకినది మామూలు స్కాన్‌లో దొరక్కపోవచ్చు. ఏళ్ల తరబడి నొప్పి పడ్డ నరాలు, కటి కండరాలు చిన్నదానికే బిగుసుకుపోవడమూ ఉంటుంది. ఒక మాట అడగొచ్చా, డేట్ రోజుల్లో దొడ్డికి పోయేటప్పుడు నొప్పి ఉందా?

వనపర్తి_కోట
ఉంది. గోడ పట్టుకుని కూర్చుంటాను. ఇది ఎవరికీ చెప్పలేదు, అడగనూ లేదు ఎవరూ.

గైనిక్_పీజీ
అది తప్పకుండా చెప్పండి, అదే మాటల్లో. పేగు దగ్గర ఉందేమో చూడటానికి ఈ జబ్బు బాగా తెలిసినవాళ్లతో లోపలి స్కాన్ గానీ ఎంఆర్ఐ గానీ చేయిస్తారు.

మిర్యాల_మిల్లు
ఇదంతా ఎందుకు, పిల్లలు అయినోళ్లు గర్భసంచి తీయించుకుంటే గొడవ వదులుతుంది. మా వీధిలో నలుగురు తీయించుకున్నారు.

పిల్లలమర్రి_నీడ
ఈ ఒక్క మాట దగ్గర నేను ఊరుకోను. మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఆశా కార్యకర్తలతో కలిసి తిరుగుతున్నాను. ముప్ఫై, ముప్ఫై రెండేళ్లకే గర్భసంచి తీయించుకుని, ముప్ఫై ఐదుకు మోకాళ్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు పల్లెకు ఎంతమంది ఉన్నారో వచ్చి చూడండి. పైగా ఈ జబ్బు ఉన్నదే గర్భసంచి బయట. సంచి తీసి, బయట ఉన్నది అట్లాగే వదిలేసి, అండాశయాలు ఉంచితే నొప్పి మళ్లీ రావచ్చు. అండాశయాలు కూడా తీస్తే చిన్న వయసులోనే ముట్లుడిగినట్టు అవుతుంది, ఎముకలు, గుండె దెబ్బతినొచ్చు. నిజంగా అవసరమయ్యేవాళ్లు ఉంటారు, అడినోమయోసిస్‌తో రక్తం ఆగనివాళ్లు, ఏ మందూ పనిచేయనివాళ్లు. అది అన్నీ చూశాక ఆఖరున చేసే పని, వీధిలో నలుగురిని చూసి చేసేది కాదు.

మిర్యాల_మిల్లు
సరే అక్కా. నిజానికి నా భార్య కోసమే ఈ చర్చ చదువుతున్నా. ఆమెకి 33. డాక్టర్ తీసేద్దామంటే సరే అన్నాం, వచ్చే నెలకు రాశారు. కోపంగా రాసింది అందుకే. పెళ్లయిన కొత్తలో ఆమె పని తప్పించుకోవడానికి పడుకుంటుందని మా అమ్మ అంటే నేను కూడా నమ్మాను.

పిల్లలమర్రి_నీడ
తమ్ముడూ, వచ్చే నెల కదా, టైముంది. ఇంకో గైనిక్ డాక్టర్‌కి ఫైల్ మొత్తం చూపించు. హార్మోన్ మందు ఎప్పుడైనా సరిగ్గా వాడారా, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ప్రయత్నించారా అని అడుగు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడుగు.

మర్రిగూడ_సర్కారుబడి
డైనోజెస్ట్ ఎక్కువ రోజులు వాడితే ఎముకలు పలచబడతాయని విన్నా. మాది ఫ్లోరైడ్ ప్రాంతం, చిన్నప్పుడు బోరు నీళ్లే తాగాం, మా నాన్న నడుము వంగిపోయింది. నాకు ఈ మందు రాశారు, భయంగా ఉంది.

గైనిక్_పీజీ
మంచి ప్రశ్న. దీర్ఘకాలం వాడితే ఎముక సాంద్రత కొంచెం తగ్గొచ్చు, అందుకే ఇంకా ఎముక పెరిగే వయసు పిల్లలకు చూసి ఇస్తారు. నెలనెలా ఇచ్చే ల్యూప్రోలైడ్ సూదిలో ఆ తగ్గుదల ఇంకా ఎక్కువ, ఒళ్లు మంటలు కూడా ఉంటాయి, కాబట్టి దాన్ని సాధారణంగా ఆరు నెలలు మించనివ్వరు, తోడుగా వేరే మందు ఇస్తారు. మీరు మాత్రం ఫ్లోరోసిస్ సంగతి డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పాలి. ఫ్లోరోసిస్‌లో ఎముక స్కాన్ నంబర్ ఎక్కువ చూపించినా ఎముక గట్టిగా ఉందని కాదు, ఆ నంబర్ చూసి మోసపోకూడదు. తలనొప్పి, మనసు బాగా కుంగడం లాంటివి వస్తే అది కూడా చెప్పండి, మందు మార్చడానికి దారులున్నాయి.

నారాయణపేట_పట్టు
నాకు సీఏ-125 అనే రక్త పరీక్షలో 62 వచ్చింది. 35 దాటితే క్యాన్సర్ అని గూగుల్‌లో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఫుల్ టెన్షన్.

గైనిక్_పీజీ
ఎండోమెట్రియోసిస్‌లో అది పెరగడం మామూలే, డేట్ రోజుల్లో కూడా పెరుగుతుంది. ఆ ఒక్క నంబర్‌తో క్యాన్సర్ అనరు. స్కాన్‌లో సిస్ట్ లోపల గట్టి భాగం, దానికి రక్త ప్రసరణ కనబడితే, లేదా ముట్లుడిగాక సిస్ట్ పెరిగితే అప్పుడు జాగ్రత్తగా చూస్తారు. ఈ రాత్రి పడుకోండి, రేపు స్కాన్ రిపోర్ట్ ఇక్కడ రాయండి.

తుంగ_పీకే_చెయ్యి
పానగల్ చెల్లీ, మళ్లీ ఆపరేషన్ అంటే వెంటనే ఒప్పుకోకు. నాకు రెండోసారి చేశాక ఏఎంహెచ్, అంటే గుడ్ల నిల్వ చెప్పే రక్త పరీక్ష నంబర్, 0.6కి పడిపోయింది. గుడ్లు ఎన్ని మిగిలాయో ముందే పరీక్ష చేయిస్తారని కూడా నాకు తెలియదు. ఇప్పుడు నాకు 34.

దేవరకొండ_వదిన
అక్కా.

తుంగ_పీకే_చెయ్యి
పర్లేదు వదినా. ఆమెకు తెలియాలని రాశాను.

గైనిక్_పీజీ
అక్క చెప్పింది చాలా ముఖ్యం. ప్రతి ఆపరేషన్‌కీ అండాశయం కొంత కోల్పోతుంది. పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు 3.4 సెంటీమీటర్ల సిస్ట్ అంటే కత్తి వెంటనే అక్కర్లేదు. ఐవీఎఫ్‌కి పోయేటప్పుడు కూడా సిస్ట్ తీసి తీరాలన్న నియమం లేదు. ఏఎంహెచ్ చేయించుకోండి, మీ ఆయనకు వీర్య పరీక్ష, మీకు ట్యూబుల పరీక్ష. ఇంకో సంగతి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న నెలల్లో డైనోజెస్ట్ వాడరు, అది అండం విడుదలను ఆపుతుంది. అంటే ముందు పిల్లలా, ముందు నొప్పా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

పానగల్_చెరువు
నెల తర్వాత రాస్తున్నాను. డేట్ అయ్యాక లోపలి స్కాన్ చేయించాను, 3.1, స్కాన్ గది గారు చెప్పిన పొగమంచు అద్దమే. ఏఎంహెచ్ 1.9. ఈసారి వేరే దవాఖానకు పోయాం, ఆయన కూడా సెలవు పెట్టి వచ్చారు. మేడమ్ ముందుగా ఆ పాత సమ్మరీయే అడిగింది, ఆ ఒక్క లైను మీద పెన్ను పెట్టి ఆగింది. ఇప్పుడు ఆపరేషన్ వద్దంది. ఆరు నెలలు పిల్లల కోసం చూద్దాం, నొప్పికి డేట్ ముందు రోజు నుంచే గోలి మొదలుపెట్టు, రాకపోతే ఆలస్యం చేయకుండా తర్వాతి దారి చూద్దాం, డెలివరీ అయ్యాక మాత్రం మందు విషయంలో నా మాట వినాలి అంది. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. సగమే తీశారా అని మేడమ్‌ని తనే లోపలికొచ్చి అడిగింది. మేడమ్ కాగితం మీద అండాశయం బొమ్మ గీసి చూపించింది. ఆ కాగితం అమ్మ మడిచి పర్సులో పెట్టుకుంది, బస్సులో మా మేనత్తకి అదే బొమ్మ పెట్టి చెప్పుకొచ్చింది, చిట్యాల దాటేదాకా.

మిర్యాల_మిల్లు
మేము ఆపరేషన్ వాయిదా వేసుకున్నాం. లూప్ పెట్టారు. రెండు వారాలైంది, మరకలు పడుతున్నాయి.

పిల్లలమర్రి_నీడ
మొదటి నెలల్లో పడతాయి. ఆపించకు.

సూర్యాపేట_సంత
ఇప్పుడే ఇక్కడ చేరాను. మా చెల్లికి 19, పోయిన వారమే చాక్లెట్ సిస్ట్ ఆపరేషన్ అయింది, రేపు కుట్లు చూపించడానికి పోతున్నాం. అక్కడ ఏం అడగాలి?

పానగల్_చెరువు
సమ్మరీ తీసుకుని వెళ్లు. గోడ ఒలిచి తీశారా, కాల్చారా అడుగు. రెండో పక్క అండాశయం, గర్భసంచి వెనక భాగం చూశారా అడుగు. ఆపరేషన్ వీడియో ఉంటే పెన్‌డ్రైవ్‌లో ఇమ్మను. మందు ఎన్నాళ్లు అంటే నెలలు కాదు ఏళ్లలో చెప్పమను, మళ్లీ స్కాన్ ఎప్పుడో తారీఖు రాయించుకో. డేట్ ఆగితే ఇంట్లో ఎవరో ఒకరు ఆపెయ్ అంటారు, అప్పుడు ఇక్కడికి వచ్చి నన్ను పిలువు.